నూజివీడు వీణ, చిరిగిన స్పీకరు

నూజివీడు పేరు చెప్పగానే తెలుగువాడికి చిన్నరసాలు గుర్తుకు వచ్చి నోరూరుతుంది. అది సహజం. అయితే 2022 వరకు కృష్ణా జిల్లాలోనూ, అటుపిమ్మట ఏలూరు జిల్లాలోనూ చేరిన ఈ ఊరికి మామిడితో పాటు మరొక ఖ్యాతి ఉంది. అది వీణ. జమీందారుల ఆదరణలో ఇక్కడ వీణల పని వేళ్ళూనుకున్నదని చెబుతారు. బొబ్బిలి వీణకు దక్కినంత ప్రచారం దీనికి దక్కలేదు. మామిడితోటల ఊరివారు పేరు తెచ్చుకున్నది పనసకర్రను తొలిచి అన్నది నాకెప్పుడూ ముచ్చటగానే తోస్తుంది.

ఈ వ్యాసం ఆ వీణ నాదాన్ని గురించీ, దానికి సప్తసముద్రాల అవతల పుట్టిన ఎలక్ట్రిక్ గిటారు బొంగురు గొంతును గురించీ. ఈ రెంటినీ ఒక్క వాక్యంలో చేరిస్తే నొసలు చిట్లించే పెద్దలుంటారని ఎరుగుదును. కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందు వీణ సంగతి. కుండ, దండి, యాళిముఖం, మైనంలో కూర్చిన 24 మెట్లు మనకు కంటికి కనిపించేవి. ఈ మెట్ల అమరిక తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో, అంటే 17వ శతాబ్దిలో స్థిరపడిందని సంప్రదాయం. కాని వీణ ప్రాణం వీటిలో లేదు. కుండ మీద తీగలను మోసే గుర్రంలో ఉంది. గిటారు, వయొలిన్ల గుర్రాలకు అంచు సన్నగా ఉంటుంది. తీగ ఒక్క బిందువు దగ్గర ఆని ఆగిపోతుంది. వీణ గుర్రం వెడల్పయినది. దాని నెత్తిన లోహపు రేకు, ఆ రేకుకు కంటికి ఆనీ ఆనని వంపు. తీగ కంపించినప్పుడల్లా ఆ వంపు మీద కొంచెం ఒదుగుతుంది, కొంచెం లేస్తుంది. అలా తాకుతూ విడుస్తూ ఉండడం వల్లనే వీణకు ఆ జుమ్మనే రవళి. తంబురాలో అయితే ఇదే పనికి తీగ కింద నూలుపోగు పెట్టి దాన్ని ‘జీవ’ అన్నారు. ఇంతకంటె మంచి పేరు ఎవరు పెట్టగలరు!

దీన్ని శాస్త్రదృష్టితో మొదట పట్టించుకున్నవారిలో సి.వి. రామన్ ముఖ్యుడు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన ఈయన 1921లో, కలకత్తాలో పనిచేస్తున్న రోజుల్లో, భారతీయ తంత్రీవాద్యాల మీద ఒక చిన్న పత్రం ప్రకటించారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర నిశ్చలంగా ఉండవలసిన ఉపస్వరాలు వినిపించరాదని థామస్ యంగ్ చెప్పిన సూత్రం ఒకటి ఉంది. వీణా తంబురాలు ఈ సూత్రాన్ని లెక్కచేయవనీ, రాకూడని ఉపస్వరాలు కూడా నిక్షేపంగా వినిపిస్తాయనీ, అందుకు కారణం గుర్రం మీది ఆ వంపేననీ రామన్ చూపారు. తీగలో లేని స్వరాలను గుర్రం పుట్టిస్తోందన్నమాట. పడమటివాళ్ళు డిస్టార్షన్ అని పేరు పెట్టినది మూలంలో ఇదే.

వాళ్ళకు ఇది దొరికిన తీరు వేరు. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ దగ్గర ‘రాకెట్ 88’ రికార్డు చేయడానికి వచ్చిన బృందం తెచ్చుకున్న ఆంప్లిఫయరు దారిలో చెడిపోయింది. కారు మీదనుంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు. చిరిగిన స్పీకరులో కాగితాలు కుక్కి విల్లీ కైజార్ట్ చేత అలాగే వాయింపజేశారు. 1958లో లింక్ రే తన స్పీకర్లకు పెన్సిలుతో చిల్లులు పొడిచి ‘రంబుల్’ వాయించాడు. మాటలే లేని ఆ పాటను కొన్ని అమెరికా రేడియో కేంద్రాలు నిషేధించాయి! 1964లో లండనులో డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకరు కాగితాన్నే కోశాడు. ఇంతకుముందే నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డవుతూండగా మిక్సింగు బల్లలో ఒక భాగం చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన తీగల మోత బరబరమని వచ్చింది. 1961లో ఆ పాట జనాదరణ పొందింది. అప్పటి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్నే ఒక చిన్న పెట్టెలోకి ఎక్కించాడు. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అది అంగళ్ళకు వచ్చింది. మనవాళ్ళు శతాబ్దాల పాటు ఆకురాయితో కోరి తెచ్చుకున్న గుణాన్ని వాళ్ళు పదేళ్ళలో ప్రమాదవశాత్తూ కనుక్కున్నారు.

ఈ రెండు దారులూ ఒకసారి నిజంగానే కలిశాయి. 1965లో యార్డ్‌బర్డ్స్ బృందం ‘హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్’ పాటకు మొదట సితారు విద్వాంసుణ్ణి పిలిపించింది. సితారు గుర్రం కూడా మన వీణ గుర్రం వంటిదే, వెడల్పయినది. ఆ రికార్డింగులో కావలసిన ఉధృతి రాలేదు. అప్పుడు జెఫ్ బెక్ ఫజ్ పెట్టెను తగిలించి గిటారు మీదనే సితారు గొంతు పలికించాడు. జవారీకి ఫజ్ బదులు నిలిచింది! చెవి పట్టుకున్న పోలికను తర్వాత ఏ గణితమూ కాదనలేదు.

పోలిక ఉన్నచోటే భేదమూ చూడాలి. ఆంప్లిఫయరులోని వాల్వు తన శక్తికి మించిన తరంగం వస్తే దాని శిఖరాలను నరికేస్తుంది. ఆ నరుకుడులోంచి కొత్త ఉపస్వరాలు పుడతాయి. శబ్దం త్వరగా క్షీణించక నిలుస్తుంది కూడా. కాని గిటారు ఆరు తీగలూ కలిసి ఒకే వాల్వులోకి పోతాయి. అందువల్ల ఒక తీగ స్వరం మరొక తీగ స్వరంతో గుణించుకొని, వాటి కూడికలూ తీసివేతలూ కొత్త స్వరాలై వినబడతాయి. మూడు స్వరాలు కలిపితే గందరగోళమే. అందుకే రాక్ గిటారిస్టులు షడ్జ పంచమాలను మాత్రం పట్టుకొని, పైన మరొక షడ్జం చేర్చి మోగిస్తారు. సపలు 2కు 3 నిష్పత్తి గనుక వాటి భేదం కింది షడ్జం మీదే పడుతుంది, అపస్వరం పుట్టదు. వీణలో పక్కనుండే మూడు తాళపు తీగల శ్రుతి ఏమిటి? స ప స! అయితే వీణలో ప్రతి తీగకూ గుర్రం మీద దాని తావు దానిదే కాబట్టి ఈ కలగాపులగపు బాధ లేదు. ఈ విషయంలో వీణదే పైచేయి అని నా అభిప్రాయం, పక్షపాతం అనుకున్నా సరే.

ఇక రికార్డింగు. గిటారు ఫజ్ పెట్టెను తిన్నగా మిక్సరుకు కలిపి వినండి: కందిరీగల గోల. గిటారు స్పీకరు సుమారు 5 వేల హెర్ట్‌జ్ దాటిన శబ్దాన్ని దాదాపుగా పలకదు. ఆ చేతకానితనమే కందిరీగల నోరు నొక్కుతుంది. అందుకని స్పీకరు ముందు మైకు పెడతారు. 1965లో వచ్చిన షూర్ ఎస్.ఎం. 57 ఇందుకు నేటికీ వాడుకలో ఉంది. కాగితం నడిబొడ్డుకు ఎదురుగా పెడితే పదును ఎక్కువ, అంచువైపు జరిపితే మెత్తన. వేదిక మీద నచ్చిన బరబర రికార్డులో అతి అవుతుంది. కొంత తగ్గిస్తేనే మీటు తెలుస్తుంది.

వీణలో ఈ వడపోత పని పనసకర్ర కుండది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి మహావిద్వాంసుల తరంలో కాంటాక్టు మైకు వీణకు అతుక్కుంది. వేలమంది కూర్చునే సభల్లో వీణ వినిపించాలంటే మరి దారేది? చిట్టిబాబు చేతిలో కోయిల కూసింది, గుడిగంట మోగింది. ఆ ఘనతను నేను కాదనడం లేదు. కాని ఆ మైకు వినేది గాలిని కాదు, కర్ర అదురును. కార్వై నిలబెట్టే భారం గుర్రం నుంచి ఆంప్లిఫయరుకు మారితే, రేకు వంపు ఎలా ఉందో అడిగేవారు తగ్గిపోతారు. అడిగేవారు లేని పనిని ఎవరు నేర్చుకుంటారు? గిటారు లోకంలో పాత ఆంప్లిఫయర్ల లోపాలను కంప్యూటరులో పునఃసృష్టించడానికి కంపెనీలు పోటీపడుతున్నాయి. గుర్రపు రేకు విద్య మాత్రం పనివాడి చెవిలోనే, అతని ఆకురాయిలోనే ఉంది.

వంపు చప్పున జారిపోతే నాదం పొడిబారి చప్పబడుతుంది. మరీ సమతలమైతే తీగ టపటపమంటుంది. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలో వినే తేల్చుకోవాలి. పైగా ఏళ్ళ తరబడి మీటగా తీగలు రేకు మీద గాడులు కోస్తాయి. ఇంట్లో పాత వీణ ఉండి, రికార్డు చేయబోతే గొంతు రావడం లేదనేవారు మైకు మార్చే ముందు ఆ రేకును ఒకసారి వేలితో తడిమి చూడండి. గాడి తగిలితే, నూజివీడుకో బొబ్బిలికో తీసుకువెళ్ళండి. వేసవిలో నూజివీడు వెళితే రసాలు కూడా దొరుకుతాయి.