తెల్లబోయిన ముఖాలు

ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి పక్కన స్టాండు మీద పెట్టడాన్ని ఇప్పుడు పెళ్ళి ఫొటోగ్రాఫర్లు కొత్త విద్యలా చెప్తారు. నిజానికి ఫ్లాష్ పుట్టిందే కెమెరాకి ఎడంగా. 1887లో జర్మనీలో మీతే, గేడికే అనే ఇద్దరు మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. దాన్ని పళ్ళెంలో పోసి, చేత్తో పైకెత్తి పట్టుకుని వెలిగించేవాళ్ళు. భగ్గుమనేది, గదంతా పొగ. 1929 నాటికి బల్బు వచ్చింది, ఒక్కో ఫొటోకి ఒక్కో బల్బు ఖర్చు. తర్వాత ఎలక్ట్రానిక్ ఫ్లాష్ చిన్నదై, చవకై, కెమెరా నెత్తినెక్కి కూర్చుంది. మన పెళ్ళి ఆల్బమ్‌లు చెడింది అక్కడే అంటాను.

పెన్న ఒడ్డున మా సంగంలో 1990ల నాటి ఏ ఇంటి ఆల్బమ్ తిప్పినా ఒకటే వరస. రిసెప్షన్ కుర్చీల్లో దంపతులు, వెనక గోడ మీద నల్లటి నీడ, నుదుటి మీద జిడ్డు మెరుపు, జరీ అంచు ఉండాల్సిన చోట తెల్లటి మరక. వెలుతురు లెన్సు పక్కనుంచే సూటిగా కొడితే ముఖంలో ఎత్తుపల్లాలు చదునైపోతాయి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి, ముందున్నవాళ్ళు సున్నం కొట్టినట్టు, వెనక నిలబడ్డ మేనమామ చీకట్లో. దీనికి తోడు, ప్రింట్ల రంగు సరిచూసుకోడానికి కొడాక్ ల్యాబులకు దశాబ్దాలపాటు పంపిన ‘షర్లీ కార్డు’ మీదున్నది తెల్లమ్మాయి. మన చామనచాయ ఆ లెక్కలోనే లేదు.

అదే పందిట్లో ఇంకో వెలుగూ ఉండేది. వీడియో వాళ్ళ హాలోజన్. వైరు లాక్కుంటూ దాన్ని ఎత్తి పట్టుకు తిరిగే లైట్ బాయ్. (అంతకుముందు ఊరేగింపుల్లో పెట్రోమాక్సులు నెత్తిన మోసినవాళ్ళ వారసుడే అతను.) ఆ వేడికి పెళ్ళికూతురు కళ్ళు చికిలించేది. కానీ ఆ లైటు పక్కనుంచి పడ్డ క్షణంలో ఎవరైనా ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో ఉంటే ఇట్టే గుర్తుపట్టొచ్చు: రంగు నారింజకు తిరిగి ఉంటుంది, చెంపకీ ముక్కుకీ తేడా తెలుస్తుంది, మనిషి మనిషిలా ఉంటాడు.

ఇప్పుడు రేడియో ట్రిగ్గర్ ఉంది, తెల్లగొడుగు ఉంది, కర్ర చివర ఫ్లాష్ తగిలించి పట్టుకునే కుర్రాడూ ఉన్నాడు. వెలుతురు వాలుగా, మెత్తగా పడుతోంది. చామనచాయ చామనచాయగానే వస్తోంది. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ముఖాలన్నీ తెల్లగా చేస్తున్నారు. ‘కాస్త కలర్ తెప్పించన్నా’ అని అడిగేది పెద్దవాళ్ళే అనుకోకండి, చాలాసార్లు పెళ్ళికూతురే అడుగుతుంది.