సున్నపు నీడలు

కనిగిరి సీమ నీటిలో ఫ్లోరైడు అధికమని మనమందరము ఎరుగుదుము. ప్రకాశము జిల్లా 1970లో ఏర్పడుటకు ముందు ఈ సీమ నెల్లూరు జిల్లాలోనిది. ఆ జిల్లాలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు వైద్యపత్రికలో వ్రాసిరి. ఇట్టి రోగుల ఎక్స్‌రే చిత్రములలో, వెన్నుపూసల నంటియుండు బంధములు సైతము సున్నము పట్టి తెల్లగా కానవచ్చును. నడుము వంగకపోవుటకు కారణమును ఆ నీడయే చెప్పును.

సున్నము చేరరాని చోటు మరియొకటి కలదు. గుండెకు రక్తము నిచ్చు ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొని, కాలక్రమమున అందు కాల్షియము చేరును. ఇది వేరు వ్యాధి. ఫ్లోరైడు వ్యాధితో దీనిని ముడిపెట్టరాదు. అయినను దీనిని పట్టియిచ్చునది ఆ తెల్లని నీడయే. నిలకడలేని గుండెలో దానిని కొలుచుట కష్టము. 1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయన సహచరులు, అతివేగముగా చిత్రించు సి.టి. యంత్రముతో ఆ సున్నమునకు ఒక అంకెను కట్టు పద్ధతిని ప్రకటించిరి.

అంకె సున్నయైనచో అపాయము స్వల్పము. 100 దాటినచో జాగ్రత్త వలయును. 400 దాటినచో ముప్పు అధికము. బాధ యేమియు లేక, మందు వాడవలయునా వలదా యను సందేహము కలిగినవారికి ఈ పరీక్ష ఉపకరించును. కాని సున్నము పట్టని మెత్తని క్రొవ్వు దీనికి కానరాదు. కావున రొమ్మునొప్పి వచ్చినవారు ఈ అంకెను నమ్మి ఇంట కూర్చుండరాదు. తక్షణమే వైద్యుని చేరవలయును. నీడ చెప్పినది విందము, చెప్పనిదానిని మరువకుందము.