కాతిబు కలం నుంచి ఆజాద్ ఫాంటు దాకా



కోహీర్‌లో చాలా షాదీ రుఖాల మీద రెండు లిపులు కనిపిస్తాయి. కుడి నుంచి ఎడమకు నస్తాలీఖ్‌లో ఉర్దూ, పక్కన తెలుగు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి నాకు రెండూ సొంతమే. ఆ రుఖా తయారయ్యే కంప్యూటర్ గురించే మన పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: ‘ఈ సాఫ్ట్‌వేర్ దోస్తుకు కాపీ చేసిస్తే జాయిజేనా? పైసలు లేకుండా దొరికితే అది చోరీ మాలా? మనకు కావలసినట్టు మార్చుకోవచ్చా?’ జవాబు చెప్పాలంటే కొంచెం తారీఖ్‌లోకి వెళ్లాలి.

జహీరాబాద్ దాటి పోతే బీదర్. బహమనీల వజీర్ ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా సగం కూలినా ఇంకా నిలబడే ఉంది. దాని కుతుబ్‌ఖానాలో 3 వేల కితాబులు ఉండేవని చెబుతారు. చేతిరాత జమానాలో కితాబు బతకాలంటే ఎవరో ఒకరు నకలు రాయాల్సిందే. రాసిన కాతిబు చివర్లో తన పేరు, తారీఖు వేసేవాడు. దాన్నే తర్ఖీమా అంటారు. ఉస్తాద్ దగ్గర కితాబు చదివిన షాగిర్దుకు దాన్ని ఇతరులకు నేర్పే ఇజాజత్ దొరికేది. ఇల్మ్ చేతులు మారుతూనే ఉండాలి, కానీ ఎవరి నుంచి వచ్చిందో తెలియాలి. ఇదీ మన బుజుర్గుల కాయిదా.

అచ్చుయంత్రం వచ్చాక కూడా ఉర్దూ చాలాకాలం కాతిబు చేతినే నమ్ముకుంది. నస్తాలీఖ్‌లో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది, పదం పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. సీసం అచ్చులకు అది లొంగలేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర జోడింపులను చేత్తో గీసి నూరీ నస్తాలీఖ్ తయారుచేశారు. లాహోర్ జంగ్ పత్రిక దానితో అచ్చయింది. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి ఇన్‌పేజ్ తెచ్చాక ఆ లిపి చిన్న డీటీపీ దుకాణాల దాకా చేరింది.

అయితే ఒక ఇబ్బంది మిగిలింది. పాత ఇన్‌పేజ్ ఫైలు మరో ప్రోగ్రాంలో నేరుగా తెరుచుకోదు. యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లదీ ఇదే కథ. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలే. పైగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు మాలిక్ ఉంటాడు. రచయితల, సృష్టికర్తల హక్కులు షరీఅత్ ప్రకారం కాపాడదగినవేనని 1988లో కువైత్‌లో ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఫైసలా ఇచ్చింది. మాలిక్ ఇజాజత్ లేకుండా కాపీ చేసుకోవడం ‘అందరూ చేస్తున్నారుగా’ అంటే హలాల్ అయిపోదు.

దీనికి వేరే దారి వెతికినవాడు అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్స్ రాశాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ విడుదల చేసి, మరుసటి ఏడు దాన్ని అదే లైసెన్స్ కిందికి తెచ్చాడు. జీపీఎల్ నిజానికి ఒక ఇజాజత్‌నామా. ఏ పనికైనా వాడుకో, లోపల ఏముందో చదువుకో, మార్చుకో, పంచుకో అంటుంది. షర్తు ఒకటే: మార్చినదాన్ని ఇతరులకిస్తే దాని మూలరాతను కూడా అదే ఇజాజత్‌తో ఇవ్వాలి.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే మాటకు రెండు అర్థాలున్నందువల్ల చాలా గడబిడ అయింది. మనకు ఆ బాధ లేదు. ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులోనూ ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపే సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. కాబట్టి ఆజాద్ సాఫ్ట్‌వేర్‌ను దోస్తుకిస్తే చోరీ కాదు, ఇవ్వమనే దాని మీద రాసి ఉంది. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించినందుకు దుకాణదారు మెహనతానా తీసుకోవడమూ తప్పు కాదు. పైసలు లేకుండా డౌన్‌లోడ్ అయ్యేదల్లా మాత్రం ఆజాద్ కాదు. లైసెన్స్ చదవాలి.

నాకైతే ఇది వక్ఫ్‌కు దగ్గరగా కనిపిస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి.) ఖైబర్ భూమిని వక్ఫ్ చేసినప్పుడు దాన్ని అమ్మరాదు, ఇచ్చేయరాదు, వారసులు పంచుకోరాదు, ఫలం మాత్రం ప్రజలకు అందాలి అన్న షర్తు పెట్టారు. సాఫ్ట్‌వేర్ భూమి కాదు, అమ్మకం మీద జీపీఎల్ నిషేధమూ లేదు. కానీ అందరికోసం వదిలినదాన్ని ఎవరూ కంచె వేసి దాచుకోకూడదన్న నియ్యత్ రెండింటిలోనూ ఉంది.

ఇప్పుడు మన రెండు లిపులకూ ఆజాద్ ఫాంట్లున్నాయి. ఉర్దూకు 2014లో నోటో నస్తాలీఖ్, 2017లో అవామీ నస్తాలీఖ్ వచ్చాయి. తెలుగుకు మండలి, గిడుగు, గురజాడ, సురవరం వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరుకుతున్నాయి. ఆ లైసెన్స్ ప్రకారం ఫాంటును విడిగా అమ్మకూడదు, దానితో అచ్చు వేసిన పుస్తకాన్ని నిక్షేపంగా అమ్ముకోవచ్చు. 2010లో మొదలైన లిబ్రే ఆఫీస్‌లో ఒకే పేజీ మీద ఉర్దూ, తెలుగు రెండూ టైప్ చేయొచ్చు.

మన ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో దాదాల బయాజ్‌లున్నాయి, శజరాలున్నాయి, చెదలు పడుతున్న ఖతూత్ ఉన్నాయి. పిల్లలకు వేసవి సెలవుల్లో అవి చేతికివ్వండి. యూనికోడ్‌లో, ఆజాద్ ఫాంటుతో టైప్ చేయించండి. రాసిన బుజుర్గు పేరు, టైప్ చేసిన పిల్లవాడి పేరు, తారీఖు చివర్లో తర్ఖీమాగా వేయించండి. ఖాందాన్‌లో అందరికీ తలా ఒక కాపీ పంపండి.