ఉగాది ముంగిట వీధి అరుగు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని పెద్దలనిరి. ఇల్లు చూచుట యనగా లోపలి గదులు చూచుట గాదు. దారినిపోవు వారికి కనబడునది ఇంటి ముందుభాగమే. అరుగు, గుమ్మము, వాకిలి, చూరు, అరుగుమీద వాల్చిన మంచము, ఇవియే ఇంటి పరువును పదుగురికి చాటునవి. ఉగాదికి ముందు పది పదునైదు దినములు ఈ భాగమును శుభ్రపరచుటకై మనవారు తరతరములుగా పడిన శ్రమను గూర్చి కొన్ని సంగతులు వ్రాయదలచితిమి. కోటలను గూర్చి, దేవాలయములను గూర్చి వ్రాసినవారు చాలమంది కలరు. అరుగును గూర్చి వ్రాసినవారు అరుదు.

తెలుగునాటి వెలుపల నున్న మనమందరము వలసవచ్చిన వారము గాము. మధుర, తంజావూరు సీమలకు నాయక రాజుల కాలములోను, అంతకు ముందును పోయినవారు కలరు. మగ్గమును నమ్ముకొని షోలాపురము చేరిన పద్మశాలీలు కలరు. నిజాము రాజ్యమునుండి బొంబాయికి పోయి కట్టడపు పనులు చేసిన కామాటుల పేరనే అచటి కామాటిపుర మేర్పడినది. బరంపురము వారు మాత్రము 1936 ఏప్రిల్ 1వ తేదిన, బళ్ళారి వారు 1953 అక్టోబరు 1వ తేదిన, కూర్చున్న అరుగు దిగకయే పొరుగు రాష్ట్రము వారైరి. యానాము కథ వేరు. అది 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఎవరు ఏ విధముగా విడిపోయినను ఇంటిముందు అరుగు మాత్రము అందరికిని ఒక్కటియే. పేరు మారెను, అంతే. మనము అరుగనునది కన్నడమున జగలి లేక కట్టె, తమిళమున తిణ్ణై, ఒడియాలో పిండా, మరాఠీలో ఓటా. తిన్నె యను మాట మనకును కలదు. పోర్చుగీసువారి ‘పోయాల్’ అను పదమునుండి ‘పయల్’ అను మాట పుట్టించుకొని ఇంగ్లీషువారు దీనిని తమ రికార్డులలో వ్రాసుకొనిరి.

ఈ శుభ్రత ఉగాదికే యేల జరుగవలెను? శాస్త్రమటుంచి పనిపాటల లెక్క చూతము. ఉగాది దాటగనే ఎండలు ముదురును. కరెంటు పంకాలు లేని కాలములో చైత్రమునుండి తొలకరి వరకు ఇంటిల్లిపాదికి పడక ఆరుబయటనే. మగవారికి వీధి అరుగు, ఆడువారికి పెరటివైపు వసారా. కావున మంచములు బాగుచేయుట, అరుగు పగుళ్ళు పూడ్చుట అప్పటికి ముగిసి తీరవలెను. తెల్లని సున్నపు గోడ యెండను త్రిప్పికొట్టును. అదియు నొక లాభమే.

ఇంకొక విశేషము కలదు. కర్ణాటకములోను మహారాష్ట్రములోను మనకును పొరుగువారికిని సంవత్సరాది ఒకే దినము గనుక వీధియంతయు నొక్కసారి తెల్లబడును. తమిళులకు కొత్త సంవత్సరము ఏప్రిల్ నడుమ వచ్చును. ఒడియావారి పణా సంక్రాంతియు ఆ వేళకే. కావున ఆ నాడులలో వారికంటె ముందుగా, ఒక్కొక్కయేడు మూడు నాలుగు వారములు ముందుగా, సున్నము పూసి మామిడాకులు కట్టిన యిల్లు కనబడెనా, అది తెలుగువారి యిల్లని అడుగకయే తెలిసెడిది. పేరుపలక అక్కరలేదు. బరంపురము ప్రాంతమున మార్గశిర లక్ష్మివారములకు ఒడియా గృహిణులు ఇల్లలికి బియ్యపుపిండితో ఝోటి వేయుదురు. మన ఉత్తర కోస్తావారును మార్గశిర లక్ష్మివారములు నోచువారే గనుక అక్కడి తెలుగింటి అరుగునకు ఏటికి రెండుమార్లు స్నానము తప్పదు.

బళ్ళారి సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు పంపుడని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో జిల్లాయందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు వ్రాసెను. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారసీ, అరవము, ఒక్కటి మాత్రము ఇంగ్లీషు. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము సీమయు చేరియుండెనని చదువరులు మరువరాదు. అది 1882లో వేరు జిల్లా యైనది. ఈ రెండు సంఖ్యలు ఎంత చేరువగా నున్నవో చూడుడు. రెండు భాషలవారు ఎంతగా కలసి బ్రదికిరో దీనివలన తెలియును. పిల్లలు నేలపై ఇసుక పరచి వ్రేలితో అక్షరములు దిద్దెడివారనియు, ఉదయము అందరికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారనియు ఆ నివేదికయందే కలదు. ఆ కాలపు వీధిబడులలో పెక్కింటికి వేరే కట్టడము లేదు. ఎవరిదో పెద్దయింటి అరుగే బడి. ఇంగ్లీషువారు వీనిని పయల్ బడులనియే పిలిచిరి. అరుగు అలికి ఊడ్చినగాని ఇసుక పరచుటకు వీలులేదు. వీధి శుభ్రతకును విద్యకును అంతటి పొత్తు.

ఇక సున్నపు పని. రాతిసున్నపు గడ్డలు తొట్టిలో వేసి నీరు పోయగనే కుతకుత ఉడుకును. పిల్లలను దూరముగా నుంచవలెను, కంట బడినచో చూపునకే మోసము. సముద్రతీరమున గుల్లసున్నము వాడుదురు. అది మరింత తెలుపు. రెండు మూడు దినములు నాననిచ్చి, గుడ్డతో వడకట్టి, గంజియో తుమ్మబంకయో పిడికెడు ఉప్పో చేర్చి, పసుపుఛాయ పోవుటకు చిటికెడు నీలిమందు కలుపుదురు. గోడకు ముందుగా నీరు చల్లవలెను. పూత పలుచగా మూడుసార్లు వేయవలెను గాని ఒక్కసారి దట్టముగా వేసిన పెచ్చులూడును. తడిగా నున్నప్పుడు తెలుపు సరిగా కనబడదు. కొత్తవారు పని చెడెనని భయపడుదురు. మరునాటికి ఆరి మల్లెపూవగును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నము మరల రాయిగా మారుటయే దీని కిటుకు. అడుగుభాగమున వానచినుకుల బురద పడును గనుక మూరెడెత్తు ఎర్రమన్ను పట్టె తీర్తురు. తమిళనాట ఈ కావి, సున్నపు చారలు కోవెల గోడలకును ఉండును. నేటి రంగుడబ్బాల మెరుపు బాగుగనే యుండును గాని, పాత మట్టిగోడకు అవి పనికిరావు. లోని చెమ్మ వెలికి రాలేక గోడ ఉబ్బును.

మంచములది వేరొక యజ్ఞము. నల్లులు పట్టని మంచము ఆ కాలమున లేదని చెప్పవచ్చును. నులకమంచమును వీధిలో ఎండకు నిలువబెట్టి కోళ్ళ సందులలో మరుగునీరు పోయుదురు. సాగిన నులకను కాళ్ళవైపు తాటితో బిగింతురు. నవారైనచో విప్పి కుంకుడు రసములో ఉతికి మరల అల్లుదురు. దానికి ఇరువురు కావలెను, ఒకరు లాగుటకు, ఒకరు తిట్టుటకు. చెక్కబల్లలను బూడిదతోను కొబ్బరిపీచుతోను తోమి నీడనే ఆరబెట్టవలెను. ఎండలో నుంచిన నెరియలు విచ్చును. పడకకుర్చీ గుడ్డ మాత్రము తాతగారి యనుమతి లేనిదే ఎవరును ముట్టరాదు.

ఇంటివారి యిష్టముగా నుండిన సున్నము ఒకప్పుడు సర్కారు ఆజ్ఞయు నాయెను. 1896లో బొంబాయిలో ప్లేగు తలయెత్తినపుడు అధికారులే మనుష్యులను పంపి ఇండ్లకు సున్నము కొట్టించిరి. మరుసటి యేడు అంటువ్యాధుల చట్టము వచ్చినది. సుమారు అరువది సంవత్సరములైన పిమ్మట దీనికి తలక్రిందులు జరిగెను. 1953లో మలేరియా నివారణ ప్రణాళిక మొదలై ఇంటింటికి డీడీటీ చల్లిరి. మందు చల్లిన గోడకు సున్నము పూసిన మందు పనిచేయదు గనుక కొంతకాలము పూయవలదని చెప్పెడివారు. ఉగాదికి ముందు ఈ మాట చెప్పినచో ఏ ముత్తైదువ వినును? మా చిన్నతనమున మందు చల్లువారికిని మా వీధి ముసలమ్మలకును అరుగుల మీద జరిగిన వాదములు మేము చెవులార విన్నాము. గెలిచినది ముసలమ్మలే.

అరుగునకు నిజమైన శత్రువు దోమ గాదు, కొలతగొలుసు. మద్రాసు రాజధానిలో 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టము, వీధిలోనికి చొచ్చిన కట్టడములను తొలగింపుమని నోటీసు ఇచ్చుటకు పురపాలక సంఘములకు అధికారమిచ్చెను. మురుగుకాలువలు, మోటారుబండ్లు పెరిగిన కొలది అరుగులు తరిగెను. రోడ్డు వలదని ఎవరనగలరు? ప్రాణముమీదికి వచ్చినప్పుడు వైద్యుని బండి వీధిలోనికి రావలెను గదా. అయితే అరుగుతో పోయినదేమో లెక్క వ్రాసినవారు లేరు. మన పిల్లలు బడిలో కన్నడమో ఒడియాయో తమిళమో చదువుదురు. అది న్యాయమే, ఉన్న యూరి భాష రావలెను. వారికి తెలుగు పట్టుబడినది పుస్తకములలో గాదు. సాయంకాలము అరుగుమీద పెద్దలాడుకొను మాటలవలన, మంచము బిగించునప్పుటి పనిమాటలవలన. నులక, కోడు, పట్టె, చూరు, కమ్మి, కడప యను మాటలు చేతితో ముట్టిన పిల్లవానికే వచ్చును. ముంగిట ఇనుపకటకటాలు బిగించి తలుపు మూసుకొన్న యిండ్లలో మనుమలు తాతలకు ఏ భాషలో బదులు చెప్పుచున్నారో చదువరు లెరుగుదురు.

మా వీధిలో పాత అరుగులు ఇంక మూడు మిగిలినవి. పోయిన ఉగాదికి ఆ మూడిండ్లవారు కలసి ఒకే తొట్టిలో సున్నము నానవేసిరి. అపార్టుమెంటులో నుండు కుఱ్ఱవాండ్రు నలుగురు కుంచెలు పట్టిరి. వారిలో ఇద్దరు కన్నడిగులు. ‘సుణ్ణ’ అని వారు, ‘సున్నము’ అని మావారు అనుచుండగా మధ్యాహ్నమునకు రెండు పూతలైనవి. మూడవ పూతకు సున్నము చాలలేదు. వచ్చే యేడు ఇంకొక తట్ట ఎక్కువ తెప్పింతుము.