పైడితల్లి గుడి, సిరిమాను

విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న పైడితల్లి చదురుగుడి, అంటే ఊరి నడుమ ఉన్న అమ్మవారి గుడి, కట్టడంగా చిన్నదే అయినా 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధపు జ్ఞాపకాన్ని చరిత్ర గ్రంథాలకంటే గట్టిగా నిలుపుకున్నది. ఆ యుద్ధంలో గెలిచి, వెంటనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడైన విజయనగర రాజు పూసపాటి విజయరామరాజుకు పైడితల్లి చెల్లెలని, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని స్థానిక కథనం. దీన్ని రుజువుగా కాక, రాజవంశానికీ గ్రామదేవతకూ కుదిరిన చుట్టరికంగా చదవడమే సబబు. ఈ అమ్మవారి ఉత్సవంలో, ఏటా విజయదశమి తరువాతి మంగళవారం, సిరిమాను అనే పొడవాటి చింతమాను కొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చోగా, బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు అనే ఊరేగింపు అంగాలు తోడు నడవగా, ఆ మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆనాడు పూజారిని అమ్మవారిగానే భావించే జనం ఆయనపైకి అరటిపళ్లు విసురుతారు.