బహిష్కరణ అప్పీళ్లు: అమెరికాలో తెలుగు విద్యార్థులు

బహిష్కరణ అప్పీలు అంటే విదేశీయుణ్ణి దేశం నుంచి పంపివేయాలన్న ఉత్తర్వును పై అధికార వ్యవస్థ ముందు సవాలు చేసే ప్రక్రియ. విజయవాడ, గుంటూరు ప్రాంతాల తల్లిదండ్రులను బహిష్కరణ అన్న మాట రెండుసార్లు కలవరపెట్టింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అమెరికా ఇమిగ్రేషన్ అధికారుల దాడులు జరిగాయి. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. 2019 జనవరిలో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మరీ దారుణం: దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే. విద్యార్థుల నుంచి ఫీజులు తీసుకుని, వారినే అరెస్టు చేయడం న్యాయమనిపించుకోదు.

ఇలాంటి బహిష్కరణ కేసును ముందుగా ఇమిగ్రేషన్ జడ్జి వింటారు. ఆయన న్యాయశాఖ కింద పనిచేసే అధికారి. లాయరును పెట్టుకోవచ్చు గానీ ఖర్చు ప్రభుత్వం భరించదు. ఓడితే బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్‌కు వెళ్లాలి. బోర్డు చట్టపరమైన అంశాలను కొత్తగా పరిశీలిస్తుంది. జడ్జి తేల్చిన వాస్తవాలను మాత్రం స్పష్టమైన పొరపాటు ఉంటేనే మారుస్తుంది. ఆపై ఫెడరల్ అప్పీళ్ల కోర్టుకు గడువు 30 రోజులు.

బహిష్కరణను ఆపడానికి ఆశ్రయం కోరేవారు జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, నిర్దిష్ట సామాజిక వర్గ సభ్యత్వం వీటిలో ఏదో ఒకదాని కారణంగా పీడన భయం ఉందని నిరూపించాలి. చదువు కోసం వెళ్లినవారికి ఈ దారి సాధారణంగా పనికిరాదు.

అరెస్టయిన ఫార్మింగ్టన్ విద్యార్థుల్లో ఎక్కువమంది స్వచ్ఛంద నిష్క్రమణ ఎంచుకున్నారు. విచారణ ముగియకముందే దాన్ని కోరితే అప్పీలు హక్కు వదులుకోవాలి. కాబట్టి లాయరును అడగకుండా ఏ కాగితంపైనా సంతకం పెట్టకండి.