సున్నిపెంట పేరులో ఉన్నోళ్లు

గ్వాటెమాలాలో అటిట్లాన్ అని ఒక పెద్ద సరస్సు ఉంది. ఒడ్డున ఊళ్లు, ఆ ఊళ్లలో మాయా జనం. టూరిస్టులు పడవ దిగి ఫొటోలు తీసుకుని పోతుంటారు. వాళ్లు మాత్రం తమ భాష మాట్లాడుకుంటూ అక్కడే బతుకుతుంటారు. ఆ వీడియోలు చూసి, మన పక్క ఇట్లాంటిది లేదే అనుకున్నా. ఉంది. కర్నూలులో బస్సెక్కి ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోతే దాదాపు 180 కిలోమీటర్లు. మన శ్రీశైలమే.

బీటెక్ రోజుల్లో చాలాసార్లు పోయినా. దర్శనం, డ్యామ్, రోప్‌వే, పాతాళగంగలో బోటు. అంతే. మొన్న మాత్రం డ్యామ్ పక్కన ఊరి బోర్డు చూసి ఆగినా: సున్నిపెంట. నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం. డ్యామ్ పనోళ్ల కోసం కాలనీ కట్టిన ఊరు ఇది. కానీ పేరు చివర ఉండేది చెంచుల మాట.

గుడిలో ఉండే మల్లన్నను వాళ్లు చెంచు మల్లయ్య అంటారు. శివుడు వేటకొచ్చి చెంచు పిల్లను చేసుకున్నాడని కథ. అంటే దేవుడు వాళ్లింటి అల్లుడు. గుడి ప్రాకారం గోడల మీద వేట బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు. అహోబిలంలోనూ అంతే, నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కదా.

ఇక నీళ్ల సంగతి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1981 నాటికి డ్యామ్ పూర్తయింది, వందకు పైగా ఊళ్లు మునిగినాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టినారు. రాళ్లకు అంత జాగ్రత్త! మునిగిన ఊళ్ల జనాన్ని అట్లా విప్పి, ఇరుగుపొరుగుతో సహా ఇంకోచోట నిలబెట్టగలమా?

చెంచుల ఊళ్లు ఎక్కువగా అడవి లోపల. వాళ్ల కష్టం నీళ్లతో కాదు, అడవితోనే వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. 1983లో నల్లమల టైగర్ రిజర్వ్ అయింది. పులిని కాపాడాల్సిందే, కాదనను. కానీ వేట, దుంపలు, తేనె మీద బతికినోళ్లకు సొంత అడవిలోనే రూల్స్ మారిపోయినాయి.

తేనె గురించి ఒక మాట చెబుతారు. కొండ అంచు నుంచి తాడు పట్టుకుని తేనెపట్టు దగ్గరికి దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. ఎందుకంటే అక్క తాళి తెగనీయడు కదా!

వాళ్లకు చుట్టరికం అంటే అంత నమ్మకం. దేవుణ్నే అల్లుణ్ని చేసుకున్నోళ్లు. మరి వాళ్ల తాడు పైన ఎవరు పట్టుకున్నారు? ఈసారి శ్రీశైలం పోతే సున్నిపెంట బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఉంటా మరి.